మంగళవారం చెయ్యి

ఊళ్లో నన్ను పంపు ఏడుకొండలు అంటారు.
ఇరవై రెండేళ్లు వీపున డబ్బా మోసి
ఎడం చేత్తో మీట కొడుతూ
కుడి చేత్తో గొట్టం ఊపుతూ
డబ్బాకి ఇంత అని
అందరి చేలకీ మందు కొట్టినవాణ్ణి.
నేను కలిపిన అన్నం ముద్ద
మా పిల్ల ఏనాడూ తినలేదు.

అలాంటివాణ్ణి
గుబ్బలవారి లంకలో, కొబ్బరిపీచు షెడ్డు కింద,
మంగళవారం మధ్యాహ్నం బడికి రమ్మంది నూకరత్నం.
"నువ్వు రాకపోతే చల్లేదెవరు?" అంది.
కూలిస్తారేమో అనుకుని వెళ్లాను.
బెల్లం టీ ఇచ్చారు.

గోనెసంచిలో నలభై ఆవు కొమ్ములు తెచ్చాడు ఏసుపాదం.
చచ్చిన గొడ్లని వాళ్ల తాత ఈడ్చుకెళ్లిన దారి
ఊరికి పడమట ఇంకా ఉంది.
పేడ తట్ట చుట్టూ అందరూ చేరారు గానీ
కొమ్ము అందుకోడానికి
ఎవరి చెయ్యీ లేవలేదు.
నూకరత్నం ఒకటి తీసి ఒళ్లో పెట్టుకుని
పసిపిల్లకి ఉగ్గు పెట్టినట్టు పేడ కూరింది.
కాసేపటికి కొబ్బరితోట సూర్రాజుగారు
కండువా సర్దుకుని
కళ్లు కాలవ మీద పెట్టి
చెయ్యి చాపాడు.

తగ్గే చంద్రుడు వేరు, దిగే చంద్రుడు వేరట.
పంచాంగం చూసి పెళ్లిళ్లు చేశాం గానీ
కంద పిలక నాటింది లేదు మేం.
ఆశ్వయుజంలో చంద్రుడు దిగే రోజు చూసి
మూతి కిందికి పెట్టి పాతిపెట్టాం,
నాలుగు మూలలా నాలుగు వెదురు మేకులు.

పదకొండో రోజున
కాలం కాని కాలంలో గోదారి లంక ఎక్కింది.
మేకులు పోయాయి. గుంట పోయింది.
జానెడు ఒండ్రు పరిచి వెళ్లింది.

ఫాల్గుణంలో పలుగు పట్టుకుని
ఎక్కడ తవ్వాలో తెలీక నిలబడ్డారందరూ.
ఎన్ని అడుగులకి డబ్బా ఖాళీ అవుతుందో తెలిసిన కాళ్లు నావి.
కరెంటు స్తంభం నించి ముప్పై ఏడు, అక్కణ్ణించి ఏటివైపు పన్నెండు.
"ఇక్కడ," అన్నాను.
ముప్పై ఒకటి దొరికాయి.
మిగతా తొమ్మిదీ గోదారి పేరున
బాకీ రాసుకున్నాడు ఏసుపాదం.

లోపల పేడ లేదు.
కాఫీపొడిలా నల్లగా ఏదో ఉంది.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను,
వానకి తడిసిన అటక వాసన.

ఎకరానికి పాతిక గ్రాములు, పదమూడు లీటర్ల నీళ్లు,
గంటసేపు కలపాలి. కర్ర నాకిచ్చారు.
అంచు నించి తిప్పుతూ తిప్పుతూ
మధ్యలో గుంట పడేదాకా తిప్పి
సుడి బాగా లేచాక
విరగ్గొట్టి, ఎదురు తిప్పాలి.

మా లంకలో పిల్లలకి
అక్షరాల కంటే ముందు సుడి అంటే భయం నేర్పుతారు.
రేవులో మెడలోతు నీళ్లలో ఉంటే
గట్టు మీంచి మా అమ్మ అరిచే అరుపు
ఇప్పటికీ చెవుల్లో ఉంది.
ఇప్పుడు ఆ సుడినే
నీలం డ్రమ్ములో నా చేత్తో పుట్టిస్తున్నాను.
విరిచినప్పుడల్లా నీళ్లు
ఒక్క క్షణం ఎటు పోవాలో తెలీక
నురగలు కక్కాయి.
నా చెయ్యీ అంతే.
ఒకే వైపు అలవాటు పడ్డ చెయ్యి.

చీకటి పడేముందు
చీపురు ముంచి చల్లాం.
పెద్ద పెద్ద చుక్కలు. మూతికి గుడ్డ లేదు.
చెప్పులు కూడా లేవు.

నమ్మావా అని అడుగుతాడు సూర్రాజుగారు.
ఏమోనండీ.
దుబ్బు కింద మట్టి చేత్తో తీస్తే వస్తోంది,
వానపాములు కనిపిస్తున్నాయి,
అది ఒండ్రు గొప్పో కొమ్ము గొప్పో
నాకు తెలీదు.

బుధవారం మళ్లీ పంపు ఎత్తుకుంటాను.
ఇల్లు గడవాలి, అవతలి గట్టు చేలన్నీ పిలుస్తాయి.
మంగళవారం చెయ్యి వేరు,
బుధవారం చెయ్యి వేరు.
అన్నానికి కూర్చున్నప్పుడు
ఏ వారమో చెప్పక్కర్లేదు,
మా పిల్ల ఎంత దగ్గరగా జరిగిందో
చూసుకుంటాను.